నాచుబూడిదలో దాగిన మూలకము

పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో నెపోలియను చక్రవర్తి సాగించుచుండిన యెడతెగని యుద్ధములకు ఫ్రాన్సు దేశమున తుపాకిమందు ఎంత చేసినను చాలకుండెను. తుపాకిమందునకు ప్రాణము సురేకారము. పేడ, మూత్రము కలిసి కుళ్లిన మట్టినుండి తీసిన లవణమును కట్టెల బూడిదనుండి వచ్చిన పొటాషుతో కలిపి సురేకారముగా మార్చుట ఆనాటి పద్ధతి. కట్టెలకు కరవు రాగా, నార్మండీ, బ్రిటనీ తీరవాసులు సముద్రపు నాచును ఎండబెట్టి, కాల్చి చేయుచుండిన బూడిదపై సురేకారపు పనివారి దృష్టి పడెను.

దిజోన్ నగరమున 1777లో జన్మించి, సురేకారపు వృత్తిలోనే పెరిగి, పారిస్‌లో ఆ పనినే నడపుచుండిన బెర్నార్ కూర్త్వా నాచుబూడిదను నీట కరగించి, లవణములు పేరుకొనగా తీసివేసి, మిగిలిన ద్రవము తన రాగిపాత్రలను తినివేయుచుండుట గమనించెను. 1811లో ఒకనాడు ఆ ద్రవమున గాఢగంధకికామ్లమును కొంత అధికముగా పోయగా, పాత్రనుండి మనోహరమైన ఊదారంగు ఆవిరి లేచి, చల్లని తలమునకు తాకినచోట బొట్లుగా గాక, నల్లగా నిగనిగలాడు స్ఫటికములై నిలిచెను. అదియే అయోడిను.

ఇందలి రహస్యము క్లోరిను, బ్రోమిను, అయోడిను మొదలగు హాలోజనుల స్వభావమునందే కలదు. ఆ ద్రవమున అయొడైడులతోపాటు క్లోరైడులును ఉండెను. కాని క్లోరైడు తన ఎలక్ట్రానును గట్టిగా పట్టుకొనునది గనుక, గంధకికామ్లము దానినుండి హైడ్రోజన్ క్లోరైడును వెడలించునే గాని క్లోరినును విడిపింపజాలదు. అయొడైడు పట్టు సడలినది. ఆమ్లము దాని ఎలక్ట్రానును లాగికొని, తాను క్షయకరణము చెంది, అయోడినును విడుదల చేయును. హాలోజనుల వరుసలో పైనున్నది క్రిందిదానిని లవణమునుండి తరుమగలదను ఈ క్రమమునే ఆసరాగొని, 1826లో మాంపెల్యే నగరపు యువకుడు బలార్, ఉప్పుమళ్ల ద్రవమునందు క్లోరినును ప్రవేశపెట్టి బ్రోమినును కనుగొనెను. హాలోజనుల కుటుంబచరిత్రలో నాకు మిక్కిలి ప్రీతికరమైన ఘట్టము కూర్త్వా చూచిన ఆ ఊదారంగు ఆవిరిదే. ఏలయన ఇది పండితసభలో గాక, కార్ఖానాలో ఆరంభమైనది.

పరిశోధన సాగించుటకు ధనమును, తీరికయు లేని కూర్త్వా తన స్ఫటికములను మిత్రులైన దెజోర్మ్, క్లెమాఁ అను రసాయనికుల కొసగెను. వారు 1813 నవంబరులో వాటిని లోకమునకు ప్రకటించిరి. అది మూలకమని నిరూపించుటలో గేలుసాక్, అప్పుడే పారిస్ చేరిన ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు డేవీ పోటీపడిరి. వారి కీర్తి నిలిచినది. కూర్త్వాకు 1831లో ఆరువేల ఫ్రాంకుల బహుమానము దక్కినను, 1838లో ఆయన పేదరికముననే కన్నుమూసెను. ఇది అన్యాయమే.

యుద్ధమునకై పుట్టిన పనిలో దొరికిన ఆ వస్తువు త్వరలోనే వైద్యుల చేతికి వచ్చెను. కాల్చిన స్పాంజి గలగండమునకు పూర్వమునుండి మందు. దాని శక్తి అయోడినువలననే యని తలచి, 1820లో జెనీవా వైద్యుడు క్వాందే ఆ మూలకమునే రోగులకిచ్చి చూచెను. మోతాదు తెలియని కాలమగుటచే కొందరికి హానియు కలిగెను.

ఈ కథ మన దేశమునకు వచ్చునప్పటికి మన ప్రాంతపు వైద్యుడొకడు అందు ప్రముఖపాత్ర వహించెను. శ్రీకాకుళమున 1921లో జన్మించి, విశాఖపట్టణపు ఆంధ్ర వైద్యకళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి, సహచరులతో కలిసి 1956నుండి హిమాలయ పాదమునందలి కాంగ్రా లోయను మూడు భాగములుగా విభజించి, ఒకదానికి పొటాషియం అయొడైడు కలిపిన ఉప్పును, ఒకదానికి పొటాషియం అయొడేటు కలిపిన ఉప్పును, మరియొకదానికి సాదా ఉప్పును పంపించెను. కొన్నియేండ్లలో అయోడిను చేరిన రెండు భాగములందును గలగండము గణనీయముగా తగ్గెను. తేమలో అయొడైడు తన సహజగుణముననే అయోడినుగా మారి గాలిలో కలిసిపోవును. అయొడేటు అట్లు చెడదు గనుక మన ఉప్పునకు దానినే కలుపుచున్నారు. గలగండ నివారణకు జాతీయ కార్యక్రమము 1962లో ఆరంభమైనది.