చేదు కన్నీళ్ళు: జానీ క్యాష్ గొంతులో అమెరికా ఆదివాసీ గాథలు

మన గూడేల్లో ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావారు అందుకుంటారు. అది ఎవరు కట్టిన పాట అని అడిగేవారు తక్కువ. రికార్డుల వ్యాపారం పెరిగిన దేశాల్లో మాత్రం దానికి లెక్క ఉంటుంది. ఒకరు రాసిన పాటను, లేదా ఒకరు పాడి రికార్డు చేసిన పాటను మరొకరు తన గొంతుతో మళ్ళీ రికార్డు చేస్తే దాన్ని కవర్ సాంగ్ అంటారు. సాధారణంగా పాత హిట్ల పేరుతో నాలుగు డబ్బులు సంపాదించడానికే ఇలాంటి పాటలతో ఆల్బమ్‌లు చేస్తుంటారు. అందుకు పూర్తిగా భిన్నమైనది 1964లో అమెరికాలో వచ్చింది. దాని పేరు ‘బిట్టర్ టియర్స్’, అంటే చేదు కన్నీళ్ళు. పాడినవాడు జానీ క్యాష్.

క్యాష్ 1932లో ఆర్కన్సా రాష్ట్రంలో ఒక పేద కుటుంబంలో పుట్టాడు, పత్తి చేలల్లో పనిచేస్తూ పెరిగాడు. అతను పాడిన కంట్రీ సంగీతం ప్రధానంగా దక్షిణాది తెల్లజాతి రైతుల, కూలీల ఇళ్ళలో వినే సంగీతం. 1963లో ‘రింగ్ ఆఫ్ ఫైర్’ పాటతో అతని పేరు మారుమోగింది. అంత పేరు వచ్చాక ఏ గాయకుడైనా అలాంటివే మరో పది పాటలు పాడతాడు. క్యాష్ ఆదివాసుల గాథలు పాడాడు.

ఆల్బమ్‌లో మొత్తం ఎనిమిది పాటలు. అందులో ఐదు పీటర్ లా ఫార్జ్ అనే యువకవివి, రెండు క్యాష్ సొంతవి, ఒకటి అప్పటికే చనిపోయిన జానీ హార్టన్ రాసినది. లా ఫార్జ్ న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్ కాఫీ హోటళ్ళలో గిటారు పట్టుకుని పాడేవాడు. ఆదివాసీ జీవితంపై నవల రాసి పులిట్జర్ బహుమతి పొందిన ఆలివర్ లా ఫార్జ్ కొడుకు. కొరియా యుద్ధకాలంలో నౌకాదళంలో పనిచేశాడు, రోడియోల్లో గుర్రాలెక్కాడు. తనది నరగాన్‌సెట్ ఆదివాసీ రక్తమని చెప్పుకునేవాడు, దానికి మాత్రం గట్టి ఆధారం లేదు. క్యాష్ కూడా ఆ రోజుల్లో తనలో చెరోకీ రక్తం ఉందని చెప్పుకుని తర్వాత కాదని ఒప్పుకున్నాడు. ఈ సంగతి దాచి వాళ్ళను పొగడడం సరికాదు. మన మధ్య కూడా మన పేరుతో మాట్లాడిన బయటివారు ఎందరో ఉన్నారు, అందులో మేలు చేసినవారూ ఉన్నారు. ఎవరి రక్తం ఏదైనా, పాడిన విషయం నిజమా కాదా అన్నదే నేను ముందు చూస్తాను.

ఆ ఆల్బమ్‌కు ప్రాణం ఐరా హేస్ గాథ. లా ఫార్జ్ దాన్ని 1962లోనే తన రికార్డులో పాడాడు, కానీ విన్నవారు కొద్దిమంది.

ఐరా హేస్ పీమా తెగవాడు. 1923 జనవరి 12న అరిజోనాలోని సకటన్‌లో, గిలా నది రిజర్వేషన్‌లో పుట్టాడు. అక్కడ రిజర్వేషన్ అంటే ఉద్యోగాల్లో కోటా కాదు, తెగకు ప్రభుత్వం గిరిగీసి వదిలిన నేల. పీమాలు ఎడారిలో కాలువలు తవ్వి పంట పండించిన జాతి. 19వ శతాబ్దం మధ్యలో బంగారం కోసం కాలిఫోర్నియా వెళ్ళేవారికి గోధుమలు అమ్మినవారు వాళ్ళే. 1870ల నుంచి ఎగువన స్థిరపడిన తెల్లవారు గిలా నీటిని తమ పొలాలకు మళ్ళించుకున్నారు. కాలువలు ఎండిపోయాయి. తరతరాలుగా ఇతరులకు ధాన్యం అమ్మిన తెగ కరువు పాలైంది, ప్రభుత్వం ఇచ్చే తిండి గింజల కోసం ఎదురుచూసింది.

అలాంటి ఊరి నుంచి మెరైన్ దళంలో చేరిన హేస్, 1945 ఫిబ్రవరి 23న ఇవో జిమా ద్వీపంలో సురిబాచి కొండపై అమెరికా జెండా నిలబెట్టిన ఆరుగురిలో ఒకడు. జో రోజెంతాల్ తీసిన ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది. ఆరుగురిలో ముగ్గురు ఆ ద్వీపంలోనే చనిపోయారు. హేస్‌ను వెనక్కి రప్పించి, యుద్ధబాండ్లు అమ్మడానికి ఊరూరా వేదికలెక్కించారు. వీరుడు అన్న పిలుపు అతనికి భారమైంది, తాగుడుకు బానిసయ్యాడు.

అతని గురించి నాకు ఎక్కువ ఇష్టమైన సంగతి వేరే ఉంది. ఆ ఫోటోలో హార్లన్ బ్లాక్ అనే సైనికుడిని వేరొకరిగా గుర్తించారు. బ్లాక్ యుద్ధంలోనే చనిపోయాడు, కాబట్టి తన పేరు తాను చెప్పుకోలేడు. 1946లో హేస్ దారినపోయే వాహనాల్లో లిఫ్టు అడుగుతూ టెక్సాస్ దాకా వెళ్ళి, ఫోటోలో ఉన్నది మీ అబ్బాయేనని బ్లాక్ తల్లిదండ్రులకు చెప్పి వచ్చాడు. తర్వాత ప్రభుత్వం పేరు సరిచేసింది. తన ఊరికి రావలసిన నీరు రాలేదు గాని, మరొకరికి రావలసిన పేరు మాత్రం ఇప్పించాడు.

1954 నవంబర్ 10న ఆ ఫోటో ఆధారంగా చేసిన భారీ కంచు విగ్రహాన్ని ఆవిష్కరించినప్పుడు హేస్ కూడా హాజరయ్యాడు. రెండున్నర నెలలు గడిచాయి. 1955 జనవరి 24న రిజర్వేషన్‌లో చలికి, మద్యానికి బలై, 32 ఏళ్ళకే శవమై కనిపించాడు. తాగి చచ్చిన ఇండియన్ అని పత్రికలు ఒక్క ముక్కలో తేల్చేయగల చావు అది. లా ఫార్జ్ చేసిన పని ఏమిటంటే ఆ చావును ఎండిన కాలువల దగ్గర మొదలుపెట్టడం. ముందు నీటి దోపిడీ, తర్వాతే యుద్ధం, ఆ తర్వాతే సీసా. క్యాష్ ఆ వరుస మార్చలేదు. అరవకుండా, దాదాపు కథ చెబుతున్నట్టు పాడాడు.

రేడియోవాళ్ళు దాన్ని వేయలేదు. మూడు నిమిషాల్లోపు హుషారు పాటలకు అలవాటుపడ్డ స్టేషన్లకు నాలుగు నిమిషాల ఈ నిష్ఠూరం రుచించలేదు. క్యాష్ ఊరుకోలేదు. 1964 ఆగస్టు 22 బిల్‌బోర్డ్ పత్రికలో పూర్తి పేజీ ప్రకటన ఇచ్చి, మీకు ధైర్యం లేదా అని రేడియోవాళ్ళనే నిలదీశాడు. తన పాటలు వేసి బతికించే వారితోనే తగవు పెట్టుకోవడం వ్యాపారపరంగా తెలివైన పని కాదు. అయినా పాట కంట్రీ జాబితాలో మూడో స్థానానికి, అక్టోబర్‌లో విడుదలైన ఆల్బమ్ రెండో స్థానానికి చేరాయి.

ఆల్బమ్‌లో మొదటి పాట మనవాళ్ళకు మరీ దగ్గరగా తగులుతుంది. అది కింజువా ఆనకట్ట గురించి. 1794లో వాషింగ్టన్ అధ్యక్షుడిగా ఉండగా కానన్‌డేగ్వా ఒప్పందంతో సెనెకా తెగకు వారి భూమి వారిదేనని మాట ఇచ్చారు. పిట్స్‌బర్గ్‌కు వరద తప్పించాలని అలెఘెనీ నదిపై ఆనకట్ట తలపెట్టారు. ఆర్థర్ మోర్గాన్ అనే పేరున్న ఇంజనీరు వేరే మార్గం చూపించినా వినలేదు. సెనెకాలు కోర్టుకెళ్ళారు, ఓడిపోయారు. అధ్యక్షుడు కెనెడీకి మొరపెట్టుకున్నా ఫలితం లేదు. దాదాపు పది వేల ఎకరాలు మునిగాయి, సుమారు 600 మంది ఇళ్ళు వదిలారు. సమాధులు కూడా తవ్వి తరలించారు. పోలవరం ముంపు కింద ఊళ్ళు ఖాళీ చేసిన కోయ, కొండరెడ్డి కుటుంబాలకు ఇందులో ఒక్క ముక్క కూడా విడమరిచి చెప్పనక్కర్లేదు.

క్యాష్ సొంత పాటల్లో ఒకటి సెకోయా గురించి. చదువురాని ఆ చెరోకీ మనిషి తన భాషకు లిపి తయారుచేసి 1821 నాటికి పూర్తిచేశాడు. 1936లో సవర భాషకు సోరంగ్ సోంపెంగ్ లిపి ఇచ్చిన మంగేయ్ గొమాంగో మీద ఎన్ని పాటలున్నాయో మనమే చెప్పుకోవాలి.

చివరి పాట మాత్రం నాకు నచ్చదు. కనుమరుగవుతున్న జాతి అని దాని పేరు. ఎడ్వర్డ్ కర్టిస్ 1904లో గుర్రాలపై వెళ్తున్న నవాహోలను ఫోటో తీసి అదే పేరు పెట్టాడు. నవాహోలు కనుమరుగు కాలేదు. గిలా నది పీమాలూ కాలేదు. దశాబ్దాల పాటు కోర్టుల్లో, చట్టసభల్లో పోరాడి 2004 నాటి అరిజోనా నీటి ఒప్పంద చట్టంతో ఏడాదికి 6,53,500 ఎకరా-అడుగుల నీటిపై హక్కు సాధించారు. బయటివాడు ఎంత ప్రేమతో పాడినా చివరికి శోకగీతమే పాడతాడు. బతికి ఉన్నవాళ్ళు దావా వేస్తారు.

లా ఫార్జ్ ఆల్బమ్ వచ్చిన ఏడాదికే, 1965 అక్టోబర్‌లో, 34 ఏళ్ళకు చనిపోయాడు. క్యాష్ ఆ విషయాన్ని ఒక్క రికార్డుతో వదిలేయలేదు. 1968 డిసెంబర్‌లో దక్షిణ డకోటాలోని రోజ్‌బడ్ రిజర్వేషన్‌కు వెళ్ళి పాడాడు, వూండెడ్ నీ ఊచకోత స్థలాన్ని చూశాడు. 2003లో కన్నుమూశాడు.

ఆల్బమ్‌కు యాభై ఏళ్ళు నిండిన 2014లో నిర్మాత జో హెన్రీ ఆ పాటలన్నిటినీ కొత్త గొంతులతో మళ్ళీ రికార్డు చేయించాడు. ఐరా హేస్ పాటను క్రిస్ క్రిస్టాఫర్సన్ పాడాడు. ఆ సంపుటికి పేరు మాత్రం క్యాష్ పాడని లా ఫార్జ్ పాట ఒకదాని నుంచి తీసుకున్నారు. ఆ పాట పాడింది మోహికన్ తెగకు చెందిన గాయకుడు బిల్ మిల్లర్.