పాతర ఎరిగిన మనిషి

అమెరికాలోని కాన్సాస్‌లో 1960ల మొదట్లో అట్లాస్ అణుక్షిపణి కోసం తవ్విన బావి ఒకటుంది. దాన్ని 15 అంతస్తుల ఇళ్లుగా మార్చి, లోకం కూలిపోయే రోజున దాక్కోవచ్చని కోటీశ్వరులకు అమ్మారు. ఈతకొలను, తిండి నిల్వలు, సాయుధ కాపలా, అన్నీ ఉన్నాయట. అది చదివినప్పుడు నాకు 1948 నాటి హైదరాబాదు గుర్తొచ్చింది.

1937 ఫిబ్రవరిలో ‘టైమ్’ పత్రిక మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ బొమ్మను ముఖచిత్రంగా వేసి, ప్రపంచంలోకెల్లా ధనవంతుడని రాసింది. పదకొండేళ్లకే ఆ రాజ్యం కూలింది. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం లోపలికొచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఉన్న హైదరాబాద్ ప్రభుత్వపు డబ్బు, 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు, అక్కడి పాకిస్తాన్ హైకమిషనర్ రహీమ్‌తూలా పేరు మీదికి మారింది.

కొద్దిరోజులకే నిజాం, నాకు చెప్పకుండా పంపారు, తిరిగిచ్చేయండి అన్నాడు. బ్యాంకు ఎవరికీ ఇవ్వలేదు. వ్యాజ్యం బ్రిటన్ ప్రభువుల సభ దాకా వెళ్లింది. పాకిస్తాన్ సార్వభౌమ దేశం, దాని మీద ఇక్కడ దావా నడవదని 1957లో తేల్చేశారు. 1967లో నిజాం చనిపోయాడు. డబ్బు మాత్రం వడ్డీతో పెరుగుతూనే ఉంది. అది మాకు రావలసిన ఆయుధాల బాకీ అని పాకిస్తాన్ వాదించింది. లండన్ హైకోర్టు ఒప్పుకోలేదు. 2019 అక్టోబర్ 2న, సుమారు 3.5 కోట్ల పౌండ్లు భారతదేశానికీ నిజాం వారసులకూ చెందుతాయని తీర్పిచ్చింది. అంటే 71 ఏళ్లు! దాచిన సొమ్ము భద్రంగానే ఉంది, కానీ ఎవరి ఆపదకూ అక్కరకు రాలేదు.

అదే ఏడు నల్లగొండ జిల్లాలో మా నాయనమ్మ వాళ్లు కూడా దాచారు. ఒకవైపు సర్కారు లెవీ, ఇంకోవైపు రజాకార్లు. వడ్లు పెరట్లో పాతరేశారు. “ఎవలకూ చెప్పలేదా?” అని చిన్నప్పుడు అడిగితే నవ్వింది. “పక్కింటోళ్లకు జెప్పినం బిడ్డా. పాతర తవ్వుడు ఒక్కరితోని అయితదా? వాళ్లది మేం తవ్వినం, మాది వాళ్లు తవ్విన్రు.”

ఇన్నేళ్లకు ఆ మాట నాకు చరిత్రగా అర్థమవుతోంది. ఏ దాపరికానికైనా ఇంకో మనిషి చెయ్యి కావాలి. లండన్ ఖాతాకు ఇంకొకరి పేరు కావలసి వచ్చింది. కాన్సాస్ బావికి కాపలావాడు కావాలి. రేపు డబ్బుకే విలువ లేకపోతే వాడికి జీతంగా ఏమిస్తారు? తలుపు లోపల వాడి పిల్లలకు చోటుందా?

మా నాయనమ్మ వాళ్లకు ఆ ప్రశ్న రాలేదు. పక్కింటివాళ్ల గింజలు ఎక్కడున్నాయో వీళ్లకూ తెలుసు. రజాకార్లు వచ్చి అడిగితే రెండిళ్లూ నోరు విప్పలేదట.