ఆవడి నుంచి తిరుత్తణి దాకా

చెన్నై శివారులోని ఆవడి అంటే ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలు కలిపి మిలిటరీవాళ్లు పెట్టిన పేరని ఇప్పటికీ చాలామంది చెబుతుంటారు. కానీ అక్కడి యుద్ధట్యాంకుల ఫ్యాక్టరీకి పునాది పడింది 1961లో. సామ్యవాద తరహా సమాజం కావాలని కాంగ్రెస్ మహాసభ తీర్మానించింది 1955 జనవరిలో, ఆవడిలోనే. అంటే ఆ పేరు ఫ్యాక్టరీకి ముందునుంచే ఉంది. ఊరికంటే ఫ్యాక్టరీనే ముందుంచే ఈ కథలాంటిదే ఇంకొకటుంది: 1991 తరవాత ప్రపంచీకరణ వచ్చి, దాని వెనకే యాత్రికుల కార్లు వచ్చి, ఆవడి, తిరువళ్లూరు, తిరుత్తణి దారి పొడవునా తెలుగునూ చెరువులనూ మింగేశాయని. ఇందులో నిజం సగమే ఉందని నా అభిప్రాయం.

బయటి ప్రపంచం ఈ ప్రాంతానికి కొత్త చుట్టం కాదు. దగ్గరి తీరంలోని పులికాట్‌లో డచ్చివాళ్ల కోట 1613 నాటిది. ఈ తీరపు మగ్గాల మీద నేసిన గుడ్డ అక్కణ్ణించి ఓడలెక్కింది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి తిరుపతి మీదుగా కాశీకి వెళ్తూ దారిలోని మజిలీలు, వసతులు రాసిపెట్టాడు. 1856లో రాయపురం నుంచి వాలాజా దాకా రైలు దారి పడింది. ఇన్ని రాకపోకల్లోనూ ఇళ్లలో తెలుగు నిలిచే ఉంది.

అసలు మార్పు 1953–60 మధ్య మొదలైంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు చిత్తూరు జిల్లాతోపాటు తిరుత్తణీ అందులో చేరింది. ఈ ప్రాంతం తమిళులకే దక్కాలని తమిళ నాయకుడు మ.పొ. శివజ్ఞానం ఉత్తర సరిహద్దు ఉద్యమం నడిపారు. పటాస్కర్ మధ్యవర్తిగా వచ్చి సరిహద్దు గీయడానికి గ్రామాన్ని ప్రమాణంగా తీసుకున్నారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా, పళ్లిపట్టు ప్రాంతం మద్రాసు రాష్ట్రానికి వెళ్లాయి. పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాల్లోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. తెలుగువాళ్లు దీన్ని అన్యాయమంటారు, తమిళులు విజయమంటారు. ఇంటికి ఒకే భాష ఉంటుందని ఇద్దరూ అనుకోవడం దగ్గరే నాకు పేచీ. వీధిలో తమిళం, వంటింట్లో తెలుగు మాట్లాడే ఇంటిని జనాభా లెక్కల్లో ఏ గడిలో వేస్తారు? 1888లో సర్వేపల్లి రాధాకృష్ణన్ తెలుగు కుటుంబంలో పుట్టిననాటి తిరుత్తణి ఉత్తరార్కాటు జిల్లాలో ఉండేది. తరవాత 1911లో చిత్తూరు, 1960లో చెంగల్పట్టు, 1997లో తిరువళ్లూరు జిల్లాల కిందికి వెళ్లింది. ఊరు కదల్లేదు, ఊరివాళ్ల అర్జీలు రాయవలసిన భాష మారింది.

అయితే సరిహద్దు ఒక్కటే తెలుగును తీసిపారేసిందనీ అనలేను. ఉద్యోగం, బడి కూడా లాగాయి. తమిళనాడు 2006 చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతికి తప్పనిసరి అవుతూ 2015–16కి పదో తరగతి దాకా వచ్చింది. తెలుగు పిల్లలు తమ భాషలో పరీక్ష రాయడానికి కోర్టులకెళ్లి మినహాయింపులు తెచ్చుకోవలసి వచ్చింది. ఈ పని చేసింది ప్రభుత్వం. దీన్ని ప్రపంచీకరణ ఖాతాలో రాయకూడదు. సరిహద్దు అవతల మిగిలిపోయినవాళ్లను ఆంధ్ర ప్రభుత్వాలు పట్టించుకున్నదీ తక్కువే.

నీళ్ల సంగతీ అంతే, అదీ ప్రపంచీకరణ ఒక్కదాని పని కాదు. కుశస్థలి నదికి అడ్డంగా పూండి జలాశయం 1944లో కట్టింది చెన్నై దాహం తీర్చడానికి. 1996 నుంచి తెలుగుగంగ నీళ్లు అక్కడికి చేరుతున్నదీ అందుకే. ఆవడి చుట్టుపక్కల చెరువుల కింది పొలాలు కాలనీలయ్యాయి. పరుత్తిపట్టు చెరువు గట్టున ఇప్పుడు నడకదారి, పార్కు ఉన్నాయి. చెరువు బాగుపడినందుకు సంతోషమే గానీ, ఒకప్పుడు పైరుకు నీరిచ్చిన చెరువు చూడ్డానికి మాత్రమే మిగలడం నాకు నచ్చదు.

ఇక యాత్రికుల సంగతి. ఆడికృత్తిక పండగనాడు తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి కొండ మెట్లు 365 ఎక్కి చూడండి. పసుపు బట్టలు, భుజాన పూల కావడి, నోట హరోంహర. నగరి, పుత్తూరు వైపు నుంచి వచ్చిన కుటుంబాలు మెట్ల మీద అక్కడక్కడా కూలబడి తెలుగులో పిల్లల్ని పిలుచుకుంటుంటాయి. పూలమ్మే అమ్మ తెలుగులోనే ధర చెబుతుంది. తెలుగును చంపారని మనం నిందించే యాత్రికులే ఏటా ఇక్కడ దాన్ని నలుగురి నోటా పలికిస్తున్నారు. కార్లు వచ్చాక మాత్రం కొండ ఎక్కి, దణ్ణం పెట్టి, తిరుపతికి పరుగెత్తేవాళ్లు ఎక్కువయ్యారు. వీరాస్వామయ్య కాలపు యాత్రికుడిలా ఊళ్లో రాత్రి ఆగేవాళ్లు తక్కువ.

తిరుత్తణి వెళ్లే తెలుగువాళ్లకు నా మనవి ఒకటే. కొండ దిగాక ఒక పూట ఊళ్లో ఆగండి. పళ్లిపట్టు వైపు వెళ్లండి. అక్కడ ఎవరినైనా తెలుగులో పలకరించండి, బదులు తెలుగులోనే వస్తుంది.