అంగటి కోడిపిల్ల

చార్మినారు కడనుండి లాడ్‌బజారు గాజుల అంగళ్లను దాటి పడమరగా నడచినచో మహబూబు చౌకు వచ్చును. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను పేర వెలసిన ఈ చౌకులో ప్రధానమంత్రి అస్మాన్ జా 1892లో కట్టించిన గడియార స్తంభము కలదు. అచటినుండి పురానాపూలు వైపు సాగు త్రోవలో నున్న పేటయే హుస్సేనీ ఆలం. ఇమాం హుసేను స్మరణగా నిలిపిన అలమును బట్టి ఆ పేట కా పేరు కలిగినది. మన పల్లెలలో మొహర్రమునాడు ఎత్తు పీర్లనే అలములందురు గనుక మన చదువరులకు ఈ మాట క్రొత్త కాదు. ఈ చౌకులో కోళ్ల అంగళ్లుండిన భాగమునకు జనులు మురుగీచౌకు అని పేరిడిరి. ప్రభువు పేరు కాగితములపై నిలువగా కోడి పేరు జనుల నాలుకపై నిలిచినది.

పట్టణపు సంతతో మన గ్రామ గ్రంథాలయ సంచిక కేమి పని యని కొందరడుగవచ్చును. పని కలదు. నగరములో కోళ్లు పండవు. పెద్ద పట్టణమునకు వలయు కోళ్లు చుట్టుపట్ల పల్లెలనుండియే గంపలలోను, కావళ్లలోను, పిమ్మట బస్సుల పైకప్పుల మీదను పోవలసి యుండెను. ఈనాడు ఆ త్రోవ తిరుగబడినది. నగర ప్రాంతపు పొదుగు కేంద్రములలో ఒక్కనాటి పిల్లలు పుట్టి, చిల్లుల అట్టపెట్టెలలో కూర్చుండి పల్లెకు వచ్చుచున్నవి. మన పితామహులు కోడిని అమ్మిరి. మనము కోడిపిల్లను కొనుచున్నాము. ఈ మార్పు ఎట్లు కలిగెనో, దానివలన ఇంటి యజమానురాలిపై ఎట్టి భారము పడెనో చెప్పుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము.

కోడి అడవి పక్షి. ఆగ్నేయాసియా అడవులలోని ఎఱ్ఱకోడి, మానవుడు పండించిన గింజలకై పొలముల చెంత చేరి, క్రమముగా ఇంటిపక్షి యైనదని 2022లో ప్రకటితమైన పరిశోధనలు తెలుపుచున్నవి. ఇది జరిగి సుమారు 3500 ఏండ్లు. మన సాహిత్యములో కోడికి కొదువ లేదు. పలనాటి నాయకురాలు నాగమ్మకును బ్రహ్మనాయునికిని జరిగిన కోడిపందెము రాజ్యమునే మార్చినదని వీరగాథ. క్రీడాభిరామములో ఓరుగల్లు వీధులలోని కోడిపోరు వర్ణితమైనది. సురవరము ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్రను (1949) చదివినవారికి మన జాతి వినోదములలో కోడిపందెమున కెంత చోటుండెనో తెలియును. అయినను ఒక విశేషము గమనింపుడు. ఈ కథలన్నిటిలోను కనబడునది పుంజే. గ్రుడ్లపై మూడు వారములు కూర్చుండిన పెట్టను గూర్చి గాని, దాని రెక్కక్రింది పిల్లలను గూర్చి గాని పలికినవారు అరుదు. పుంజు పురుషుల పందెపు వస్తువు. పెట్టయు పిల్లలును స్త్రీల సొత్తు. చరిత్ర వ్రాసినవారు ఎవరి పక్షమున నుండిరో దీనివలననే తెలియుచున్నది.

హైదరాబాదు పాతనగరమున ఆదరణ పొందిన జాతి అసీలు. అరబ్బీ భాషలో ఈ పదమునకు శుద్ధవంశమున పుట్టినదని అర్థము. పొడవైన మెడ, బలమైన కాళ్లు, నిటారైన నిలుకడ దీని గుర్తులు. రంగును బట్టి పీలా, యాకూబ్, కాగర్, నూరీ, చిట్టా అని పేర్లు పెట్టిరి. కోస్తా జిల్లాల వారు డేగ, కాకి, నెమలి, సేతువ అని తమ పేర్లు తాము పెట్టుకొనిరి. పందెములు వేయుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ననుసరించి నేరము. నా దృష్టిలో అసీలు గొప్ప గుణము పోరు కాదు. దాని పెట్ట గ్రుడ్లు తక్కువగా పెట్టినను మిక్కిలి శ్రద్ధగా పొదుగును. పిల్లలను కాకికిని గ్రద్దకును చిక్కనీయక కాపాడును.

పూర్వము పల్లెలో కోడిపిల్లను అంగడిలో కొనుట యనునది లేదు. పిల్లలు కావలసినచో పొరుగింటి వారినడిగి పది గ్రుడ్లు తెచ్చి, పొదుగుకు వచ్చిన పెట్టక్రింద ఉంచెడివారు. గంపలో గడ్డి పరచి, మూలన చీకటిలో పెట్టి, పది పండ్రెండు గ్రుడ్లకు మించకుండ చూచుకొనెడివారు. ఉరుములకు గ్రుడ్లు మురుగకుండ ఇనుపముక్కయో బొగ్గో ఉంచు ఆచారమును కొన్ని ఇండ్లలో నుండెను. ఇనుపముక్క వలన ఏమి జరిగెనో గాని పెట్టవలన జరిగినది మాత్రము నిశ్చయము. అది గ్రుడ్లను దినమునకు పలుమార్లు తిరుగవేయును. ఏదో ఒకమారు మేతకు లేచి వెంటనే మరలి కూర్చుండును. తన ఒంటి వేడిమితో 21 దినములు వానిని కాచును. పిల్ల పెంకులో నుండగనే పలుకును. తల్లి బదులు పలుకును. కొట్టివేసిన నూకలు, చెదపురుగులు, పేడకుప్పలోని పురుగులు పిల్లల మేత. మట్టికుండలో గడ్డియు పేడయు కూరి తడిపి, తేమనేల మీద బోర్లించి, మరునాటికి చేరిన చెదలను పిల్లలకు వేయు తెలివి మన ముదుసళ్లకు తెలిసినదే. ఈ పనిలో కొనవలసిన వస్తువొక్కటియు లేకుండెను. పిల్లలు పెరిగి అమ్ముడుపోయిన పైకము ఇంటి ఇల్లాలి కొంగుముడిలో చేరెడిది.

తల్లి లేక పిల్లను పుట్టించు విద్య మాత్రము మిక్కిలి పాతది. ఐగుప్తు దేశీయులు మట్టితో కట్టిన పొయ్యి గదులలో వేలకొలది గ్రుడ్లను పొదిగించెడివారు. ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు రియోమూరు ఈ విషయమును పరిశీలించి 1749లో గ్రంథము ప్రకటించెను. పిమ్మట సుమారు 37.5 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిని తప్పక నిలుపు యంత్రములు వచ్చినవి. గ్రుడ్డులోని పచ్చసొన పుట్టుటకు ముందు పిల్ల కడుపులోనికి చేరును. అందువలన అది రెండు దినములు మేతయు నీరును లేక బ్రతుకగలదు. అమెరికాలో 1918 నుండి తపాలా శాఖవారు ఒక్కనాటి పిల్లలను మోసికొని పోసాగిరి. కోడిపిల్ల అంగటి సరకగుటకు ఆ పచ్చసొనయే కారణమనిన తప్పులేదు.

మన దేశమున 1957 ప్రాంతమున రెండవ పంచవర్ష ప్రణాళికలో కోళ్ల అభివృద్ధి పథకము లారంభమైనవి. తెల్ల లెగ్‌హారన్ వంటి విదేశ జాతులు అప్పుడు పల్లెలకును పరిచితములైనవి. తెలుగువాడైన బండా వాసుదేవరావు 1971లో పూణే నగరమున వెంకటేశ్వర హేచరీస్ స్థాపించి ఈ వ్యాపారమునకు రూపు దిద్దెను. గ్రుడ్ల ధరలు దళారుల చేతిలో పడియుండుట చూచి రైతులు 1982లో జాతీయ గ్రుడ్ల సమన్వయ సంఘముగా ఏర్పడిరి. తెలుగునాట ఈ పరిశ్రమ ఎంత పెరిగెనో చెప్పుటకు ఒక్క లెక్క చాలును: 2019 పశుగణన ప్రకారము దేశములో 85 కోట్లకు పైగా కోళ్లు మొదలగు పక్షులుండగా, రాష్ట్రములలో తమిళనాడు తరువాత రెండవది ఆంధ్రప్రదేశ్, మూడవది తెలంగాణ. ఆ గణనలోనే పెరటిపక్షులు సుమారు 31 కోట్ల 70 లక్షలు. 2012 నాటికంటె 45 శాతమునకు మించి ఎక్కువ. పెరటికోడి అంతరించుననుకొనిన వారి మాట నిజము కాలేదు.

ఇచట ఒక చేదు సంగతి చెప్పవలసియున్నది. గ్రుడ్లకై పెంచు జాతిలో పుట్టిన మగపిల్ల వ్యాపారికి నిరుపయోగము. అది గ్రుడ్లు పెట్టదు. మాంసమునకు త్వరగా పెరుగదు. పుట్టినవెంటనే మగ, ఆడ పిల్లలను గుర్తించు విద్యను జపానువారు 1920లలో కనిపెట్టిరి. నాటినుండి మగపిల్లలను వేరుచేసి పారవేయుట సులభమైనది. అట్టి పిల్లలనే ఎఱుపు, ఆకుపచ్చ, గులాబి రంగులు పూసి, గంపల కెత్తి, పట్టణపు వీధులలో పిల్లలకు ఆటవస్తువులుగా అమ్ముదురు. పాతనగరపు సందులలో పండుగ దినములందు ఈ గంపల చుట్టు చేరు బాలుర గుంపును చూడనివారుండరు. కొన్న పిల్లలలో పెక్కు మూడవనాటికి చనిపోవును. చలియే కారణము, రోగమని తల్లులనుకొందురు. పట్నమునకు పోయి వచ్చునపుడు మీ బిడ్డ మారాము చేసినను ఆ రంగుపిల్లను కొనకుడని చెప్పుటకు నేను సంకోచింపను. కొనుచో ఊరక కొనకుడు; పెంచు ఏర్పాటు చేసికొని కొనుడు.

ఆ ఏర్పాటనగా నేమి? యంత్రము తల్లిని తొలగించినది గాని తల్లి పనిని తొలగింపలేదు. అంగటిపిల్లను కొన్నవారే దానికి పెట్ట కావలయును. పెట్ట రెక్కల వేడిమికి బదులు మొదటివారము సుమారు 35 డిగ్రీల వేడిమి ఇయ్యవలయును. వారమునకు మూడు డిగ్రీల చొప్పున తగ్గించుచు పోవలయును. నేలపై రెండంగుళముల మందమున ఊక పరచి, చుట్టును తడికయో రేకో గుండ్రముగా నిలిపి, పైన విద్యుద్దీపము వ్రేలాడగట్టుట సామాన్య పద్ధతి. ఆవరణము గుండ్రముగా నుండవలయుననుటకు కారణము కలదు. మూలలున్నచో రాత్రి చలికి పిల్లలన్నియు ఒక మూల కెక్కి ఒకదాని క్రింద నొకటి నలిగి చచ్చును. వేడిమి కొలత సాధనము లేనివారు పిల్లలనే చూడవచ్చును. దీపము క్రింద గుంపుగూడి అరచుచో చలి. దూరముగా తొలగి ముక్కు తెరచి రొప్పుచో వేడి ఎక్కువ. అంతట చెదరి మేయుచు నిద్రించుచున్నచో సరిపోయినది. మన పల్లెలలో విద్యుత్తు పోవుట వింత గాదు. అట్టి రాత్రి కుంపటిపై బోర్లించిన మట్టిమూకుడు పనికివచ్చును, పొగ మాత్రము చేరనీయరాదు.

పెట్ట పిల్లలకు నీటిని చూపును. అంగటిపిల్లకు మనమే దాని ముక్కును నీటిలో ఒక్కమారు ముంచి చూపవలయును. మొదటి కొన్ని గంటలు బెల్లము కలిపిన నీరిచ్చి, ఆ పిమ్మట కాగితముపై మొక్కజొన్న రవ్వ చల్లుదురు. కాగితముపై గింజ చప్పుడుకు పిల్లలు పొడుచుట నేర్చుకొనును. నీటిపళ్లెములో గులకరాళ్లు వేసినచో పిల్లలు మునిగిపోవు. రెండవనాటినుండి పిల్లల దాణా ఇయ్యవలయును. ఒట్టి నూకలతో పిల్ల ఎదుగదు. పెట్టవెంట తిరుగు పిల్ల తిను పురుగులలో నుండు మాంసకృత్తులు నూకలలో లేవు. ఎలుక, పిల్లి, ముంగిసలనుండి కాపాడుటకు సన్నని జాలి కావలయును. తడిసిన ఊకను ఎప్పటికప్పుడు తీసివేయనిచో రక్తపు పారుడు వచ్చును.

రోగములలో ఘోరమైనది కొక్కెర తెగులు. 1927లో కుమావూను కొండలలోని రాణీఖేతులో కనబడుటచే మన దేశమున దానికి రాణీఖేతు వ్యాధి యని పేరు. ఊరిలో ఒక ఇంట ప్రవేశించిన పెరడులన్నియు ఖాళీ యగును. ముక్తేశ్వరు పరిశోధనశాల వారు 1940లలో టీకా రూపొందించిరి. ఒక్కనాటి పిల్లలకు వేరు టీకా కలదు. మొదటివారములోనే కంటిలోనో ముక్కులోనో చుక్కగా వేయుదురు. పెద్ద టీకా ఎనిమిదవ వారమున. పశువైద్యశాలలో అడిగి వేయించుకొనవలయును. క్రొత్తగా తెచ్చిన పిల్లలను పాతకోళ్లలో వెంటనే కలుపరాదు. పక్షిజ్వరము 2006లో మహారాష్ట్రలోని నవాపురములోను, 2015లో హైదరాబాదు శివారు హయత్‌నగరు ప్రాంతములోను బయటపడినప్పుడు వేలకొలది కోళ్లను చంపవలసివచ్చినది. చచ్చిన కోడిని వీధిలో పారవేయక సున్నము చల్లి లోతుగా పాతవలయును.

ఇక ఏ పిల్లను కొనవలెనను ప్రశ్న. హుస్సేనీ ఆలంనకు నైరుతి దిక్కున కొన్ని మైళ్ల దూరములోని రాజేంద్రనగరములో 1988లో కేంద్ర ప్రభుత్వము వారి కోళ్ల పరిశోధన సంస్థ ఏర్పడినది. వనరాజ, గ్రామప్రియ అను పెరటి జాతులు అచటనే రూపొందినవి. వనరాజ రంగురెక్కలది, పొడుగు కాళ్లది, కుక్కకు చిక్కక పరుగెత్తగలది. గ్రామప్రియ గ్రుడ్ల కొఱకు మేలు. నాటుపెట్ట పెట్టు గ్రుడ్లకంటె ఇవి రెట్టింపునకు మించి పెట్టును. ఆరు వారముల వరకు పైన చెప్పిన రీతిని పెంచి, పిదప పెరటిలో విడువవచ్చును. ఒక్క లోపము మాత్రము కలదు: వీనికి పొదుగు గుణము మిక్కిలి తక్కువ. వీని గ్రుడ్లనుండి పుట్టిన పిల్లలకు తల్లిదండ్రుల గుణము లన్నియు రావు. అనగా మందను నిలుపుకొనుటకు మరల మరల అంగటికే పోవలయును. పైకము కొంగుముడిలోనికి వచ్చినట్లే వచ్చి వెలుపలికి పోవు త్రోవ యిది.

అందువలన పెరటిలో ఒకటి రెండు నాటుపెట్టలను, వీలున్నచో అసీలు పెట్టను, తప్పక నిలుపుకొనవలెనని నా అభిప్రాయము. పొదుగుకు వచ్చిన పెట్టక్రింద కొన్న గ్రుడ్లను ఉంచవచ్చును. ఒక్కనాటి పిల్లలను కొని తెచ్చినచో, గ్రుడ్లపై రెండు మూడు వారములు కూర్చుండిన పెట్టక్రింద చీకటి పడిన పిమ్మట ఒక్కొక్కటిగా జొనిపి, గ్రుడ్లను మెల్లగా తీసివేయవచ్చును. చీకటిలో చేసినచో పెట్ట సామాన్యముగా వానిని తన పిల్లలుగా స్వీకరించును. పిల్లలు రెండు దినములకు మించినవై యుండరాదు. పది పండ్రెండుకంటె ఎక్కువ పెట్టరాదు. తెల్లవారిన పిమ్మట ఒక గంటసేపు ప్రక్కన కూర్చుండి, పెట్ట ఏ పిల్లనైన పొడుచుచున్నదేమో చూడవలయును. పొడుచుచున్నచో ఆ పిల్లను దీపము క్రిందికి మార్చవలయును.