జిమ్ థార్పు స్మారకశిల

కులమహాసభల సంచికలలో మన పూర్వుల చరిత్రలను వ్రాసికొనుట పరిపాటి. ఈ పర్యాయము మేము దూరదేశపు క్రీడావీరు నొకనిని గూర్చియు, ఆయన పేర బాటప్రక్కన నిలిచిన శిల నొకదానిని గూర్చియు విన్నవింపదలచితిమి. ఆ శిల చరిత్రలో మన సంఘమువారు గ్రహింపదగిన హెచ్చరిక గలదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, ఊరికి కీర్తి తెచ్చినవాని పేర రహదారి ప్రక్కన చారిత్రక ఫలకమును నాటుట విస్తారముగ గల ఆచారము. బాటసారి బండి నాపి, నాలుగు పంక్తులు చదివి, ఆ యూరి ఘనతను తెలిసికొని పోవును. పెన్సిల్వేనియా రాష్ట్రమున, కొండల నడుమ నున్న యొక చిన్న పట్టణమున, బాటప్రక్కన ఎఱ్ఱని గ్రానైటు సమాధి యొకటి గలదు. అందు శయనించినవాడు జిమ్ థార్పు. ఆ పట్టణము పేరును జిమ్ థార్పే. ఐనను ఆయన ఆ యూర పుట్టలేదు. ఎన్నడును కాపుర ముండలేదు.

థార్పు 1887లో, నేటి ఒక్లహామా రాష్ట్రమున, ప్రేగు అను ఊరి సమీపమున జన్మించెను. ఆయన సాక్ అండ్ ఫాక్సు అను ఆదిమజాతి తెగవాడు. తెగవారు పెట్టిన పేరునకు 'వెలుగుబాట' యని భావము. ఆయన కార్లయిల్ పాఠశాలలో చదివెను. 1879లో స్థాపింపబడిన ఆ పాఠశాల ఆదిమజాతుల పిల్లల జుట్టు కత్తిరించి, మాతృభాషను మాన్పించి, తెల్లవారి రీతులను నేర్పెడిది. ఏ పాఠశాల జాతిని మఱపింప నెంచెనో, ఆ పాఠశాల మైదానముననే ఆ జాతి బిడ్డని పేరు మ్రోగెను.

అమెరికావారు ఫుట్‌బా లనునది మన మెఱిగిన ఆట కాదు. కోలనైన బంతిని చేతబట్టి, ఎదిరిపక్షమును త్రోసికొని పరుగిడుట అందు ముఖ్యము. 1911లో కార్లయిల్ పక్షము హార్వర్డు విశ్వవిద్యాలయమును 18-15 గుణములతో నోడించెను. నాడు థార్పు నాలుగుసారులు బంతిని గురికొయ్యల నడుమకు తన్ని జయమును సాధించెను. 1912లో స్టాక్‌హోము ఒలింపిక్కులందు అయిదు పందెముల పోటీలోను, పది పందెముల పోటీలోను ప్రథముడై రెండు స్వర్ణపతకములను గడించెను. అంతకు ముందు బేసుబాలు ఆడి స్వల్పవేతనము పుచ్చుకొనె నను నెపమున 1913లో వానిని లాగికొనిరి. 1915లో కాంటను పక్షమున ఆటకు 250 డాలర్ల వేతనముతో చేరెను. 1920లో వృత్తిక్రీడాకారుల పక్షములు సమాజముగ నేర్పడినపుడు దాని మొదటి అధ్యక్షు డాయనయే. అదియే నేటి నేషనల్ ఫుట్‌బాల్ లీగు.

1953 మార్చి 28న ఆయన కాలిఫోర్నియాలో మరణించెను. దేహమును ఒక్లహామాకు గొనిపోయి తెగ ఆచారము ననుసరించి అంత్యక్రియలు సలుపుచుండ, మూడవ భార్య వచ్చి వానిని సగములోనే నిలిపి దేహమును తీసికొనిపోయెను. స్వరాష్ట్రమున స్మారకమునకై సంకల్పించిన ధనమును గవర్నరు అంగీకరింపలేదు. అంతట పెన్సిల్వేనియాలో బొగ్గు వ్యాపారము సన్నగిల్లి చిక్కులందున్న మాక్ చంక్, ఈస్ట్ మాక్ చంక్ అను రెండు పట్టణములు ఏకమై, 1954లో ఆయన పేరు దాల్చి, ఆ దేహమును స్వీకరించినవి. యాత్రికులు వత్తు రనునది వారి ఆశ. వారు మోసగాండ్రు కారు. ఇచ్చిన మాట నిలిపికొని సమాధిని శ్రద్ధతో కాపాడినారు. ఒక్లహామా మట్టిని, స్టాక్‌హోము క్రీడారంగపు మట్టిని తెచ్చి యచట నుంచిరి. పుట్టినయూరి మట్టి ఆయనకడకు వచ్చెను గాని, ఆయన ఆ మట్టికి చేరలేదు.

2010లో ఒక కుమారుడు తండ్రి అస్థులను తెగభూమికి చేర్పుడని న్యాయస్థానము నాశ్రయించెను. 2013లో తీర్పు అనుకూల మయ్యెను. 2014లో పైన్యాయస్థానము దానిని త్రోసిపుచ్చెను. 2015లో సుప్రీంకోర్టు విచారణకు అంగీకరింపలేదు. పతకముల విషయమున మాత్రము న్యాయము కొంత దక్కినది. 1982లో ఒలింపిక్ సంఘము ఆయన పేరును ఇతరులతో సమముగ నంగీకరించి, 2022లో ఏకైక విజేతగ ప్రకటించెను. పరువును తిరిగి యీయవచ్చును. సగములో ఆగిన కర్మను ఎవ్వరు పూర్తిచేయగలరు?

సోదరులారా, దోష మెవరిది? స్వజనము తెగించి కోరుకొన్నను, స్వస్థలపు ప్రభువులు ఆలసించిరి. పరులు శిల నిలిపిరి. శిలను నిలిపినవాడే కథ వ్రాయును. మన యూళ్లలోను సత్రములు, విద్యార్థివసతులు, గ్రంథాలయములు నిర్మించిన పెద్దలును, ఆటపాటలలో పేరొందిన యువకులును గలరు. వారి స్మృతికై మనము నాటెడి ఫలకములందు దాతల పేళ్లు పెద్ద అక్షరములతోను, స్మరింపబడినవాని పేరు చిన్న అక్షరములతోను ఉండుట మేము పలుచోట్ల చూచితిమి. పుట్టినయూరు, తల్లిదండ్రుల పేళ్లు, చేసిన పని — ఇవి యొక్కటియు నుండవు.

కావున పోషకమహాశయులకు మా విన్నప మిది. శిల చెక్కింపక మున్ను ఆ యింటివారి నడుగుడు. తెలిసిన ముసలివారు బ్రతికి యుండగనే వృత్తాంతమును వ్రాయించుడు. వారి మాట ననుసరించి, వారి యూరనే శిలను నాటుడు. బాటసారి చదువునది నాలుగు పంక్తులే యైనను, ఆ నాలుగును ఆ యింటివారు తమవని చెప్పుకొనదగినవిగ నుండవలెను.