చంక, జోలె, వీపు సంచి: బిడ్డను మోసిన తీరు

తెలుగునాట బిడ్డకు దొరికే మొదటి ఆసనం తల్లి చంక. నడుము ఒక పక్కకు వంచి, బిడ్డ కాళ్లు రెండూ చెరోవైపు జారేలా కూర్చోబెట్టి, ఒక చేత్తో చుట్టి పట్టుకుంటే చాలు. రెండో చెయ్యి బిందెకో గరిటెకో మిగులుతుంది. చంకలో పిల్లవాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అన్న సామెత ఊరికే పుట్టలేదు. ఆ బరువు తల్లి ఒంట్లో అంతగా కలిసిపోతుంది. మెడమీద ఎక్కించుకోవడం, వీపున ఉప్పుమూటలా మోయడం ఎక్కువగా తండ్రుల, మేనమామల వంతు. అదీ జాతరలోనో ఆటలోనో.

రెండు చేతులూ పనికి కావాల్సి వచ్చినప్పుడు చంక సరిపోదు. అక్కడే జోలె కట్టే గుడ్డ వచ్చింది. ఊరూరా తిరిగి సోది చెప్పే ఎరుకల స్త్రీ నెత్తిన బుట్ట, చేతిలో కర్ర, గుడ్డలో కట్టుకున్న బిడ్డ: ఈ రూపం తెలుగువాళ్ల ఊహలో ఎంత బలంగా నిలిచిందంటే, శ్రీనివాసుడు ఆకాశరాజు ఇంటికి ఎరుకలసాని వేషంలో వెళ్లిన కథలో బ్రహ్మ అంతటివాడు చంటిబిడ్డ కావాల్సి వచ్చింది. బిడ్డ లేకపోతే ఆ వేషాన్ని ఎవరూ నమ్మరన్నమాట. బతుకుతెరువు కోసం నడిచే కులాలకు ఈ గుడ్డ అవసరం. ఇంటిపట్టున ఉండేవాళ్లకు ఉయ్యాల ఉంది, ఎత్తుకోవడానికి అమ్మమ్మ ఉంది.

ఈ తేడా హైదరాబాదులో కళ్లకు కట్టినట్టు కనిపించే చోట్లలో రహమత్ నగర్ ఒకటి. జూబ్లీహిల్స్ కొండకు దిగువన, యూసుఫ్‌గూడను ఆనుకుని ఉన్న ఇరుకు సందుల బస్తీ ఇది. 1960ల్లో చల్లగళ్ల నరసింహారెడ్డి పూనికతో జూబ్లీహిల్స్ కాలనీ మొదలైనప్పుడు అక్కడున్నవి బండరాళ్లూ తుప్పలూ. తర్వాతి దశాబ్దాల్లో స్టూడియోలు వచ్చాయి, ఫిల్మ్‌నగర్ వచ్చింది, బంగళాలు లేచాయి. రాయి కొట్టినవాళ్లు, పునాది తవ్వినవాళ్లు, తట్టలు మోసినవాళ్లు కొండ కింది బస్తీల్లో తలదాచుకున్నారు. దేశమంతటా ఆనకట్టలు కట్టి ‘పాలమూరు లేబర్’ అన్న పేరు మోసిన జిల్లా నుంచి నగరానికి వలస వచ్చినవాళ్లు వీళ్లలో ఎందరో.

తట్ట మోసే తల్లి చంకన బిడ్డను ఎత్తుకోలేదు. నెత్తిన కుదురు, దానిమీద ఇసుక తట్ట, పట్టుకోవడానికి ఒక చెయ్యి, నిచ్చెనకు ఇంకో చెయ్యి. అందుకే పని జరిగేచోట పాత చీర ఉయ్యాలవుతుంది. చీర రెండు కొసలనూ కలిపి సెంట్రింగ్ కర్రకో వేపకొమ్మకో గట్టిగా ముడేస్తారు. లోపల గుడ్డ బిడ్డ ముఖంమీద మూసుకోకుండా పైన అడ్డంగా చిన్న పుల్ల పెడతారు. అంచుకు ఒక తాడు కట్టి దాని కొసను అయిదారేళ్ల అక్క చేతికిస్తారు. బిడ్డ కదిలినప్పుడల్లా ఆ పిల్ల తాడు లాగాలి. తెలంగాణలో ఉయ్యాలను తొట్టెల అంటారు. బోనాల్లో అమ్మవారికి సమర్పించే రంగుకాగితాల తొట్టెలకూ అదే పేరు. దేవతకు ఇవ్వదగ్గ వస్తువుగా ఉయ్యాలను ఎంచుకున్న సంప్రదాయం పక్కన సిమెంటు దుమ్ములో వేలాడే చీరను ఉంచి చూస్తే గుండె బరువెక్కుతుంది. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం, యాభైమందికి మించి స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు గది ఏర్పాటు చేయాలంది. నలుగురైదుగురు స్త్రీలతో సాగే ఇంటి పనికి ఆ నియమం వర్తించలేదు.

ఇక పనికోసం కాక నడక సరదాకోసం మోసే సంచి కథ వేరు. వీపున మోసే గుడ్డకు చట్రం తగిలింది అమెరికాలో. కొలరాడోలో కొండలెక్కేవారికి సామగ్రి తయారుచేసిన జెర్రీ కన్నింగ్‌హమ్ గత శతాబ్ది మధ్యకాలంలో అల్యూమినియం గొట్టాల చట్రానికి పిల్లల ఆసనం అమర్చాడు. ఆ తర్వాత పశ్చిమాఫ్రికాలోని టోగోలో అమెరికా సేవాసంస్థ పీస్ కోర్ తరఫున నర్సుగా పనిచేసిన ఆన్ మూర్, అక్కడి తల్లులు బిడ్డలను వీపున కట్టుకోవడం చూసి, తన తల్లి చేత మెత్తని గుడ్డ సంచి కుట్టించుకుంది. స్నగ్లీ పేరుతో దానికి 1969లో పేటెంటు వచ్చింది. ఆఫ్రికా పల్లె తల్లుల తెలివి అలా అంగడి సరుకైంది.

ఇవాళ ప్రయాణాలకు కొనే సంచుల్లో ఈ రెండు వంశాలూ ఉన్నాయి. మెత్తనిది చంటిబిడ్డకు, బస్సుకూ రైలుకూ నప్పుతుంది. చట్రం ఉన్నది ఆసరా లేకుండా కూర్చోగల బిడ్డకే, అంటే సాధారణంగా ఆరు నెలలు దాటాక. ఖాళీ సంచే సుమారు మూడు కిలోలు తూగుతుంది. బరువు భుజాలమీద కాక నడుము పట్టీమీద ఆనాలి. అది మోసేవారి తుంటి ఎముకకు సరిపోకపోతే ఎంత ఖరీదైన సంచైనా దండగే. బిడ్డ తొడలు విప్పారి, మోకాళ్లు పిరుదులకంటే కాస్త ఎత్తులో ఉండాలి. కాళ్లు తిన్నగా చాపి బిగించి చుడితే తుంటి కీలు జారే ముప్పుంది. జపాన్‌లో 1970ల్లో ఆ అలవాటు మాన్పించాక ఈ లోపం బాగా తగ్గింది. చంకన కూర్చున్న బిడ్డ కాళ్లు ఉండే తీరు సరిగ్గా వైద్యులు కోరేదే. పేరులేని ఆ పాత ఆసనానికి ఇంతకన్నా గౌరవం ఏముంటుంది?

దక్కన్ ఎండలో మరో సంగతి చూడాలి. చట్రం వీపుకూ గుడ్డకూ మధ్య గాలి ఆడనిస్తుంది, మెత్తని సంచిలో ఇద్దరి చెమటా కలుస్తుంది. నీడకు పైకప్పు, పాదాలకు ఆనుడు పట్టీలు తప్పనిసరి. కాళ్లు గంటసేపు వేలాడితే తిమ్మిరెక్కుతాయి. జూబ్లీహిల్స్‌లో 1998లో జాతీయ ఉద్యానవనమైన కేబీఆర్ పార్కు లాంటి చోట చదునైన బాటమీద ముందు ఒక గంట నడిచి చూడటం మంచిది. బిడ్డ తల మోసేవారి తలకంటే పైన ఉండవచ్చు కాబట్టి, తాము వంగి దాటిన కొమ్మ బిడ్డకు తగలవచ్చు. మెట్లదారి ఇంకా కఠినం: అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. చివర్లో మోకాళ్ల పర్వతం దగ్గర మెట్టు నిలువుగా లేస్తుంది. అక్కడ ఒళ్లు ముందుకు వంగుతుంది, వీపున బిడ్డ కూడా వంగుతుంది. బిడ్డ భుజాలను, నడుమును పట్టి ఉంచే పట్టీలన్నీ బిగువుగా ఉన్నాయో లేదో ఆ మెట్లకు ముందే, సంచిని కిందికి దించి చూసుకోవాలి.