పది నిమిషాల డెలివరీ: మన ఊరి చిన్న బ్రాండుకు మిగిలేదెంత?

ఫోన్‌లో ఆర్డర్ పెట్టిన పది, పదిహేను నిమిషాల్లో సరుకు గుమ్మం ముందుకు వచ్చే వ్యాపారాన్ని క్విక్ కామర్స్ అంటున్నారు. డిస్ట్రిబ్యూటర్లు, హోల్‌సేల్ షాపుల మీద ఆధారపడకుండా, తయారుచేసినవాళ్లే కస్టమర్‌కు నేరుగా అమ్ముకునే పద్ధతి పేరు డైరెక్ట్ టు కన్జ్యూమర్, పొట్టిగా డీటూసీ. పెద్ద నగరాల్లో ఈ రెండూ కలిసిపోయాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో పచ్చళ్లు, మసాలాలు, సేమియా, బిస్కట్లు ఇంట్లో చేసి వాట్సాప్‌లో అమ్మే కుటుంబాలకు ఇందులో చోటుందా అంటే, ఉంది. కానీ లెక్క తెలియకుండా దిగితే ఇంట్లో దాచుకున్న పైసలు, కుదువపెట్టిన నగలు రెండూ పోతాయి.

వేగం ఎక్కడ పుడుతుంది?

2013లో మొదలైన గ్రోఫర్స్ 2021 డిసెంబరులో బ్లింకిట్‌గా పేరు మార్చుకుంది. 2022లో దాన్ని జొమాటో కొన్నది. స్విగ్గీ ఇన్‌స్టామార్ట్ 2020లో, జెప్టో 2021లో వచ్చాయి. వీటన్నిటి వెనకా ఉన్నది డార్క్ స్టోర్. కస్టమర్లు అడుగుపెట్టని చిన్న గోదాము అన్నమాట. అది చుట్టుపక్కల రెండు, మూడు కిలోమీటర్ల ఇళ్లకు సరుకు పంపుతుంది. బండి ఎంత వేగంగా పోయినా, సరుకు ముందే దగ్గర్లో లేకపోతే పది నిమిషాల్లో అందదు.

గోదాములో అర పరిమితం. కదలని సరుకును అక్కడ ఎక్కువ రోజులు ఉంచరు. అందుకే వారానికోసారి, పదిహేను రోజులకోసారి మళ్లీ కొనే వస్తువులే నిలబడతాయి. నలభై రకాల పచ్చళ్లు పెట్టినవాళ్ల కంటే, బాగా పోయే నాలుగు రకాలను ఎప్పుడూ అయిపోకుండా చూసుకున్నవాళ్లకే లాభం.

వేగం ఒక్కటే కాపాడదని చెప్పడానికి డంజో ఉదాహరణ చాలు. బెంగళూరులో పుట్టి, రిలయన్స్ పెట్టుబడి కూడా అందుకున్న ఆ సంస్థ సేవలు 2025 జనవరిలో ఆగిపోయాయి.

చిన్న గదిలో మొదలైన బ్రాండు

దీనికి భిన్నమైన దారి ఐడీ ఫ్రెష్ ఫుడ్‌ది. కేరళలోని వయనాడ్‌కు చెందిన పి.సి. ముస్తఫా తన కజిన్లతో కలిసి 2005లో బెంగళూరులో ఇడ్లీ, దోశ పిండి వ్యాపారం మొదలుపెట్టారు. తొలి వంటగది 50 చదరపు అడుగులు. పిండి రోజుల్లో పాడైపోయే సరుకు కాబట్టి, దగ్గర్లోని చిన్న షాపులకు తాజాగా అందిస్తూ పోయారు. పేరు, నమ్మకం అక్కడే సంపాదించారు. ఆ తర్వాతే ఇతర నగరాలకు, యాప్‌లలోకి వెళ్లారు.

మన మూడు ఊళ్లలో ఎలా?

సూర్యాపేట హైదరాబాద్‌కు సుమారు 135 కిలోమీటర్లు. కోదాడ కూడా అదే 65వ నంబరు జాతీయ రహదారిపై, ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు దగ్గరగా ఉంది. హైదరాబాద్ గోదాములో పెట్టిన సీసా సూర్యాపేట గల్లీకి నిమిషాల్లో రాదు. కానీ ఊరు లోపల ఈ చివర నుంచి ఆ చివరకు స్కూటర్ మీద ఎంతసేపు? ఊరి చిన్నతనమే ఇక్కడ బలం. నమ్మకమైన కిరాణం షాపులు రెండు, మూడు చూసుకుని ఒక్కోచోట పది, ఇరవై ప్యాకెట్లు ఉంచితే, ఆ షాపులే మన డార్క్ స్టోర్లు. ఆర్డర్ వాట్సాప్‌లో, పైసలు యూపీఐలో, సరుకు దగ్గరి షాపు నుంచి వెళ్తుంది. పది నిమిషాలని మాట ఇవ్వనక్కర్లేదు. గంటలో అని చెప్పి గంటలోనే ఇస్తే చాలు.

నిజంగా తొందర ఉండే వేళలు కొన్నే. రంజాన్‌లో అసర్ తర్వాత ఇఫ్తార్ దాకా, చాంద్ రాత్‌న సేమియా, డ్రైఫ్రూట్స్ కోసం, ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు. ఆ వేళల్లో సరుకు, మనిషి సిద్ధంగా ఉండాలి. మామూలు రోజుల్లో సాయంత్రం ఒక్క ట్రిప్పులో పది ఇళ్లకు ఇచ్చి రావచ్చు.

ఒక సీసా లెక్క

ఒక ఉదాహరణ అనుకుందాం. పచ్చడి సీసా ధర 200 రూపాయలు. పన్ను పక్కన పెడితే, దినుసులు, కూలి 90, సీసా, లేబుల్ 15. మొత్తం 105.

యాప్‌లో అమ్మితే: గోదాముకు చేర్చడానికి 10, కమీషను, ఇతర ఛార్జీలు కలిపి 30 శాతం చొప్పున 60, యాప్‌లో ప్రకటనకు 15. మిగిలేది 10 రూపాయలు. పది సీసాల్లో ఒకటి గడువు దాటి వెనక్కి వస్తే, తొమ్మిదింటి మీద వచ్చిన 90 రూపాయలకు ఎదురుగా ఆ ఒక్కదాని ఖర్చు 115. అంటే 25 రూపాయలు నష్టం.

కిరాణం షాపుకు 20 శాతం ఇస్తే: షాపుకు 40, రవాణా 5 పోగా మిగిలేది 50.

సొంతంగా ఇంటికి పంపితే: డెలివరీకి 30 పోగా 65.

ఎవరి అంకెలు వాళ్లవి. కానీ యాప్ వాళ్ల రేటు కార్డు చేతికి రాగానే ఈ లెక్క కాగితం మీద వేయాలి. పైసలు ఎన్ని రోజులకు ఇస్తారో కూడా అడగాలి. అమ్మకం బాగున్నా చెల్లింపు ఆలస్యమైతే మధ్యలో సరుకు కొనడానికి వడ్డీకి తెచ్చుకోవాల్సి వస్తుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. సూక్ష్మ, చిన్న తయారీదారులకు కొనుగోలుదారు 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతోంది.

కాగితాలు

తినే వస్తువు ఏదైనా ఇంట్లో చేసి అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. 14 అంకెల ఆ నంబరు లేబుల్ మీద వేయాలి. తయారీదారు పేరు, చిరునామా, బరువు, ఎంఆర్‌పీ, తయారీ తేదీ, గడువు, ఫిర్యాదుకు ఫోన్ నంబరు కూడా ఉండాలి. డెలివరీ నాటికి ఆహార వస్తువుకు కనీసం 30 శాతం గడువు గానీ 45 రోజులు గానీ మిగిలి ఉండాలని 2024లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆన్‌లైన్ సంస్థలకు చెప్పింది. తక్కువ గడువు ఉన్న సరుకును పెద్ద లాట్లలో గోదాముకు పంపడం అందుకే ప్రమాదం.

వస్తువులు అమ్మేవాళ్లకు తెలంగాణలో జీఎస్టీ పరిమితి ఏడాదికి 20 లక్షల టర్నోవర్. చాలా రాష్ట్రాల్లో అది 40 లక్షలు. ఆ పరిమితి లోపు ఉన్నవాళ్లు రాష్ట్రం లోపల ఆన్‌లైన్ వేదికల ద్వారా అమ్ముకునే వీలు 2023 అక్టోబరు 1 నుంచి ఉంది. పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే చాలు. కోదాడవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. పక్కనే ఉన్న జగ్గయ్యపేట వేరే రాష్ట్రం. పన్ను ఉన్న సరుకును సరిహద్దు దాటించి అమ్మితే, టర్నోవర్ ఎంత తక్కువున్నా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మిర్యాలగూడ బియ్యాన్ని సొంత పేరుతో అమ్మాలనుకునేవాళ్లకు ఇంకో సంగతి. లేబుల్ వేసి సీలు చేసిన 25 కిలోల లోపు బియ్యం ప్యాకెట్లకు 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ ఉంది.

బండి మీద పోయే పిల్లవాడు

నిమిషాల పోటీ భారమంతా పడేది డెలివరీ కుర్రాళ్ల మీదే. గిగ్ వర్కర్లకు 5 లక్షల రూపాయల ప్రమాద బీమాను తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో ప్రకటించింది. ఇంటి బ్రాండుకు పనిచేసే పిల్లవాడు మన బస్తీవాడే అయి ఉంటాడు. హెల్మెట్, బీమా, ట్రిప్పుకు సరైన కూలి ఇవ్వాలి. హైవే దాటించే ఆర్డర్‌కు టైము ఎక్కువ చెప్పాలి.

మొదలుపెట్టేవాళ్లు మూడు రకాల సరుకు, రెండు కిరాణం షాపులు, మూడు నెలల లెక్క పుస్తకంతో మొదలుపెట్టవచ్చు. మూడో నెల చివర ఎంతమంది మళ్లీ కొన్నారో, సీసాకు ఎంత మిగిలిందో ఆ పుస్తకమే చెబుతుంది. అంకెలు బాగుంటే అప్పుడు యాప్‌వాళ్లతో మాట్లాడవచ్చు.